ఆగస్టు ఎండలో ఒక నీటి తొట్టె

అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్ జట్లకు ఆగస్టు అంటే సీజన్ ముందు శిక్షణ నెల. ఆ శిక్షణ ఎంత కఠినంగా ఉంటే జట్టు అంత గట్టిపడుతుందని ఒక పాత నమ్మకం. నాకది ఒప్పుకోబుద్ధి కాదు. వేడికి ఒళ్లు అలవాటు పడటానికి దాదాపు రెండు వారాలు పడుతుంది. తిట్లతో, అదనపు పరుగులతో ఆ గడువు తగ్గదు. అందుకే అమెరికా కాలేజీ క్రీడలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ 2003లోనే మొదటి ఐదు రోజుల సాధనలో బరువైన రక్షణ సామగ్రిని విడతలవారీగా తొడిగించాలని నిబంధన పెట్టింది. అయినా 2018 మేలో, సీజన్‌కు చాలా ముందే జరిగిన కసరత్తులో, మేరీల్యాండ్ యూనివర్సిటీ ఆటగాడు జోర్డన్ మెక్‌నెయిర్ వడదెబ్బకు కుప్పకూలి, రెండు వారాలకు కన్నుమూశాడు. వయసు 19. చల్లని నీటి తొట్టెలో ముంచే చికిత్స ఆ రోజు అతనికి అందలేదు.

ఇంత సుకుమారంగా చూస్తే ఆఖరి క్వార్టర్‌లో నిలబడగలరా అంటారు. నిలబడేది వేడికి అలవాటుపడిన శరీరమే: చెమట త్వరగా పడుతుంది, గుండె మీద భారం తగ్గుతుంది. వడదెబ్బను గుర్తించి అరగంటలోపు ఒళ్లు చల్లబరిస్తే దాదాపు అందరూ బతుకుతారు. కోట్ల డాలర్ల ఆటలో ఒక తొట్టె, కాస్త ఐసు ఖర్చే కాదు. అమెరికాలో పిల్లల్ని ఈ ఆటకు పంపే తెలుగు తల్లిదండ్రులు, మైదానంలో ఆ తొట్టె ఉందో లేదో మొదటి రోజే అడగండి.