నాడి దొరకని చెయ్యి

రోగానికి వర్గం లేదంటారు. కాని రోగం పేరు తెలుసుకునే అవకాశానికి వర్గమూ వుంది, స్త్రీపురుష భేదమూ వుంది. యిది నేను పుస్తకాల్లో చదివి చెబుతున్న మాట కాదు.

2017లో నల్లబల్ల మీద పద్యం రాస్తూంటే మూడో పాదానికల్లా నా కుడిచెయ్యి బరువెక్కి జారిపోయేది. కాసేపు దించితే సర్దుకునేది. సాయంత్రాలు జ్వరం, నీరసం. మొదటి డాక్టరు రక్తం తక్కువన్నాడు. రెండో ఆయన మెడయెముకలు అరిగాయన్నాడు. మూడో ఆయన నాతో కాక నా భర్తతో, "చదువుకున్న ఆడవాళ్లు ప్రతిదీ మనసుకు పట్టించుకుంటారండీ" అన్నాడు. సమానత్వం మీద ఉపన్యాసాలిచ్చే మా మిత్రులు సైతం "కొంచెం విశ్రాంతి తీసుకోండి మేడం" అని, సభ కాగానే టీకప్పులు కడగటం నాకే వదిలారు.

2020లో ఒక యువ వైద్యురాలు నా కుడి మణికట్టు పట్టుకుని చాలాసేపు వెతికింది. నాడి దొరకలేదు. రెండు చేతులకూ రక్తపోటు చూసింది: యెడమవైపు 150, కుడివైపు 90. అంతవరకూ కుడిచేతికి పట్టీ చుట్టినవారే లేరు.

దీని పేరు తకయాసు ఆర్టిరైటిస్. 1908లో జపాన్ నేత్రవైద్యుడు మికితో తకయాసు ఒక యువతి కంటి రక్తనాళాల్లో వింత మార్పులు గమనించి ప్రకటించాడు. మణికట్టు దగ్గర నాడి అందని రోగుల సంగతి ఆ సభలోనే మరి యిద్దరు వైద్యులు చెప్పారు. గుండె నుంచి బయలుదేరే పెద్ద ధమనుల గోడలు వాచి, దళసరెక్కి, నెత్తురుదారి యిరుకవుతుంది. రోగుల్లో అధికులు నలభై యేళ్లలోపు స్త్రీలే. అరుదైన జబ్బే, అయితే రెండో చేతికి పట్టీ చుట్టటానికి ఖరీదైన యంత్రమేమీ అక్కర్లేదు.

స్టెరాయిడ్లకు నా మొహం వుబ్బింది. "ఒళ్లు చేశారు, ఆరోగ్యం కుదిరినట్టుందే!" అన్నారు తోటి లెక్చరర్లు.

ఒకరోజు మా యింట్లో అంట్లు తోమే ఆమె, "నాకూ చేతులు లాగేస్తాయమ్మా" అంది. నాకు జీతంతో సెలవులున్నాయి, ముగ్గురు డాక్టర్లకిచ్చే డబ్బుంది. మన దేశంలో పొరపాటు వైద్యం చేయించుకోవటానికి కూడా స్తోమత కావాలి! ఆమెను ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లి, పట్టుబట్టి రెండు చేతులకూ చూపించాను. సమంగానే వుంది. నా గుండె తేలికపడింది.

"మరి నొప్పెందుకమ్మా?" అంది ఆమె.

"కొంచెం విశ్రాంతి తీసుకో" అనబోయి ఆగిపోయాను.