ఇద్దరు లీడర్లు, ఒకే మెస్

ఆ ఏడు హాస్టల్ లీడర్ ఎన్నికలో మా రూమ్ తరఫున నిలబడ్డవాడు నాలుగు ఓట్ల తేడాతో ఓడిపోయాడు. గెలిచినవాడు మెస్‌లో సాంబారు బకెట్ పట్టుకొస్తే మేము ప్లేట్లు పక్కకు జరుపుకునేవాళ్లం. నెల రోజులు మాటల్లేవు.

ఆ రోజుల్లోనే ఒక ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద అట్ట చిరిగిన ఎక్స్‌-మెన్ బొమ్మల కథల పుస్తకం దొరికింది. మా ఇళ్లలో డిగ్రీ దాకా వచ్చినవాళ్లం మేమే మొదలు. చిన్నప్పుడు ఇలాంటివి కొనిపెట్టినవాళ్లు లేరు. పీజీలో ఉండి కూడా స్టడీ అవర్ అయ్యాక డిక్షనరీ పక్కన పెట్టుకుని, నలుగురం ఒకే మంచం మీద చేరి చదివాం.

అందులో ఒక కథ 1986 జనవరి తేదీతో వచ్చిన 201వ సంచికలోది. రచయిత క్రిస్ క్లేర్‌మాంట్. ఎక్స్‌-మెన్ ఉండేదీ ఒక రకంగా హాస్టల్లోనే. ప్రొఫెసర్ జేవియర్ బడిలోనే వాళ్లకు తిండి, పడక. సైక్లాప్స్ 1963 నాటి మొదటి బ్యాచ్, అనాథాశ్రమంలో పెరిగినవాడు. స్టార్మ్ 1975లో వచ్చింది. అమ్మానాన్నలు పోయాక కైరో వీధుల్లో దొంగతనాలు చేసి బతికిన పిల్ల. 1980లో జీన్ గ్రే చనిపోయి సైక్లాప్స్ వెళ్లిపోతే నాయకత్వం ఆమె చేతికొచ్చింది. తర్వాత మళ్లీ నాయకుడు ఎవరన్న తగువు పడింది.

అప్పటికి గాలివానను పిలిచే శక్తి ఆమెకు పోయింది. అతని కళ్లలోంచి వచ్చే ఎర్రని కిరణం గోడలనే పగలగొడుతుంది. అయినా డేంజర్ రూమ్ అనే సాధన గదిలో ఇద్దరూ తలపడ్డారు. ఆమె తప్పించుకుంటూ, సమయం కోసం కాచుకుని, చివరికి అతని కళ్లకున్న వైజర్ లాగేసింది. అది లేకపోతే అతను కళ్లు మూసుకోవలసిందే. ఆమె గెలిచింది.

"అప్పుడే కొడుకు పుట్టాడు కదా, సగం మనసు ఇంటి దగ్గరుంది, అందుకే ఓడాడు" అన్నాడొకడు. లైట్లు ఆర్పేదాకా వాదించుకున్నాం. ఉంటే ఉండవచ్చు గానీ, దానివల్ల ఆమె గెలుపు తగ్గదని మా అభిప్రాయం. (సినిమాల్లో వుల్వరిన్ హడావిడే తప్ప ఈ ముచ్చట లేదు.) 1991లో ఎక్స్‌-మెన్‌ను రెండు దళాలు చేశారు. నీలం దళానికి సైక్లాప్స్, బంగారు దళానికి స్టార్మ్. ఇద్దరు లీడర్లు, ఒకే మెస్ అన్నమాట!

ఓడిన మావాడు ఆ రాత్రంతా ఏమీ మాట్లాడలేదు. మర్నాడు మెస్ లైన్లో మా అందరికంటే ముందు నిలబడ్డాడు. బకెట్ దగ్గరికొచ్చాక ప్లేటు చాపి, "ముక్కలన్నీ అడుగునే ఉన్నాయి, కలిపి వెయ్యరా" అన్నాడు.