పచ్చిక మీద గంటన్నర

గ్లైండ్‌బోర్న్‌లో ఒపెరా హౌస్ లేచిందంటే అది ఒక గొంతు కోసం. ఇంగ్లండ్ దక్షిణాన, ససెక్స్ ప్రాంతంలో, లూయిస్ పట్నానికి దగ్గర్లో ఉంది ఆ ఎస్టేటు. దాని యజమాని జాన్ క్రిస్టీ ఈటన్ స్కూల్లో సైన్సు పాఠాలు చెప్పినవాడు. సంగీతమంటే ప్రాణం. ఇంట్లోనే పెద్ద ఆర్గన్ పెట్టించి, తెలిసినవాళ్ళను పిలిచి, ఒపెరాల్లోంచి ఘట్టాలు పాడించేవాడు. అలా పాడడానికి వచ్చిన సొప్రానో గాయని ఆడ్రీ మిల్డ్‌మే. 1931లో ఇద్దరికీ పెళ్ళయింది. అప్పటికి ఆయనకు 48, ఆమెకు 30. ఇంటి పక్కన చిన్న థియేటరు కడదామని ఆయన అనుకుంటే, అంత డబ్బు పెట్టేటప్పుడు పని సక్రమంగానే చెయ్యాలని ఆమె పట్టుబట్టిందని చెప్పుకుంటారు. ఆ పట్టుదల వల్ల పొలాల మధ్య 300 సీట్ల థియేటరు లేచింది. 1934 మే 28న మోత్సార్ట్ 'ఫిగరో పెళ్ళి'తో తొలి తెర లేచింది. అందులో సూసన్నాగా పాడింది ఆడ్రీయే. అప్పట్లో హెచ్‌ఎమ్‌వి వాళ్ళు చేసిన రికార్డుల్లో ఆమె గొంతు ఇప్పటికీ వినొచ్చు.

ఆమె మాట ఎంతవరకు నెగ్గిందో చూడాలంటే, ఎవరిని పిలిచారో చూడాలి. డ్రెస్‌డెన్ ఒపెరా నుంచి నాజీలు వెళ్ళగొట్టిన ఫ్రిట్జ్ బుష్ కండక్టరుగా వచ్చాడు. బెర్లిన్ వదిలిపెట్టి వచ్చిన కార్ల్ ఎబర్ట్ దర్శకత్వం చేపట్టాడు. వియన్నాలో పుట్టిన యూదు రుడాల్ఫ్ బింగ్ నిర్వహణ చూసుకున్నాడు. జర్మనీలో పని చేసుకోవడానికి చోటు లేకుండా పోయిన మనుషులకు ఒక ఇంగ్లీషు పల్లెటూరు చోటిచ్చింది. వాళ్ళు అడిగింది ఒక్కటే, సాధనకు సమయం. పట్నంలో గాయకులు ఈ పూట ఒకచోట, రేపు మరోచోట పాడతారు. ఇక్కడికొస్తే వారాల తరబడి ఆ చుట్టుపక్కలే ఉండి, కలిసి తిని, కలిసి పాడాలి. వేరే పని లేదు, పోవడానికి దగ్గర్లో వేరే చోటూ లేదు. గ్లైండ్‌బోర్న్ పేరు నిలబెట్టింది ఆ ఏకాగ్రతే.

వేసవిలో క్రాయిడన్‌లో మా అబ్బాయి దగ్గరున్నప్పుడు మా కోడలు టికెట్లు తీసింది. చూడబోయేదీ 'ఫిగరో పెళ్ళి'యే. ఈస్ట్ క్రాయిడన్‌లో రైలెక్కేసరికి పెట్టెలో సగంమంది నల్ల కోట్లలో, మెడకు బో కట్టుకుని, నేలను తాకే గౌనుల్లో ఉన్నారు. నడినెత్తిన ఎండ. వాళ్ళ కాళ్ళ దగ్గర బుట్టలు, మడత కుర్చీలు, మంచుపెట్టెలు. నేను వెంకటగిరి చీర కట్టుకున్నాను. మా బుట్టలో పులిహోర, దద్ధోజనం, మామిడికాయ ముక్కలు, ఫ్లాస్కులో కాఫీ. లూయిస్‌లో దిగితే ప్రేక్షకుల కోసం బస్సు సిద్ధంగా ఉంటుంది. కొద్ది నిమిషాల దారే. కానీ ఆ కొద్ది నిమిషాల్లో ఇళ్ళు పోయి, పచ్చటి సుద్దకొండలు వచ్చేస్తాయి. వాటిని సౌత్ డౌన్స్ అంటారు. గడ్డి కప్పుకున్న గుండ్రటి వీపులు, అక్కడక్కడ తెల్లగా మెరిసే సుద్దమట్టి. కొండ మీద ఒక గాలిమర తిరుగుతూ ఉంటుంది. 2012లో పెట్టారు. ఏడాది మొత్తం మీద ఈ సంస్థ వాడుకునే కరెంటుకు సరిపడా అదే ఉత్పత్తి చేస్తుంది.

తోటలో నాకు బాగా నచ్చింది పువ్వులు కాదు, కంచె లేకపోవడం. పచ్చిక చివర నిలబడి చూస్తే అదే పచ్చిక పొలంలోకి సాగిపోతున్నట్టు, గొర్రెలు మన పక్కనే మేస్తున్నట్టు ఉంటుంది. దగ్గరికి వెళితే కాని లోతైన కందకం కనబడదు. దాని లోపలి గోడ గొర్రెల్ని అటే ఆపుతుంది, చూపును మాత్రం ఆపదు. ఇటు పక్క పట్టు గౌనులు, అటు పక్క బురద గిట్టలు. ఈ రెండింటినీ ఒకే చూపులో పెట్టిన తోటమాలి ఎవరో గాని, గొప్ప మనిషి.

ఇప్పుడున్న థియేటరు 1994ది. పాతదాన్ని పడగొట్టి కట్టడానికి ఒక ఏడాది ఉత్సవాన్నే ఆపేశారు. ఆర్కిటెక్టు మైకేల్ హాప్కిన్స్. బయటంతా ఎర్ర ఇటుక, లోపలంతా పాత కట్టడాల నుంచి తెచ్చిన పైన్ కలప. 1,200 మంది పడతారు. అయినా వెనక వరుసలో కూర్చున్న నాకు గాయని ఊపిరి తీసుకోవడం వినిపించింది. మైకులు లేవు. మా తెనాలిలో మా నాన్నగారు పద్యనాటకాల గురించి చెప్పేటప్పుడు ఆ కాలం నటుల గొంతు మైకు లేకుండా చివరి చాప దాకా వచ్చేదని అనేవారు. ఆ మాటను నేను గౌరవంగా విన్నానే కాని, ఎలా ఉంటుందో ఊహించుకోలేకపోయాను. ఇక్కడ తెలిసింది. గొంతు యంత్రంలోంచి రాకుండా నేరుగా మనిషి ఛాతీలోంచి గాలిని కదిలించుకుంటూ వచ్చి తాకినప్పుడు, వినడమంటే చెవి ఒక్కటే చేసే పని కాదు.

కథ చిన్నది. కౌంట్ అల్మవీవా ఇంట్లో పనిచేసే ఫిగరోకూ సూసన్నాకూ ఆ రోజే పెళ్ళి. కౌంటుకు సూసన్నా మీద కన్ను. అతని భార్య కౌంటెస్‌కు ఆ సంగతి తెలుసు. మధ్యలో కెరుబీనో అనే కుర్రాడు, కనబడిన ప్రతి ఆడమనిషినీ ప్రేమించేస్తుంటాడు. ఈ కుర్రాడి వేషం కట్టేది మామూలుగా స్త్రీయే. కథలో వాడికి ఆడవేషం వేస్తారు. అంటే, మగవాడిగా నటిస్తున్న స్త్రీ ఆడవేషం కట్టిన మగవాడిగా నటించాలి. కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణ శర్మ గారి సత్యభామను చూసిన తరం మనది. స్త్రీవేషంలో ఎంత శ్రద్ధ ఉందో, దాన్ని నవ్వులాటగా తీసుకోకూడదని ఎందుకంటారో మనకు ఒకరు చెప్పక్కర్లేదు. ఆ గాయని నడకలో పదిహేనేళ్ళ కుర్రాడి తడబాటు కనబడింది, గౌను తొడిగాక ఆ తడబాటు ఇంకా పెరిగింది.

రెండో అంకం చివర ఇరవై నిమిషాలు ఆగకుండా సంగీతం నడుస్తుంది. మొదట మొగుడూ పెళ్ళాల తగువు, ఇద్దరే. సూసన్నా వస్తుంది, ముగ్గురు. ఫిగరో వస్తాడు. తోటమాలి విరిగిన పూలకుండీ పట్టుకుని వస్తాడు. ఆఖరికి ఏడుగురు ఒకేసారి, ఎవరి బాధ వాళ్ళు పాడుతుంటారు. మాటల నాటకంలో ఏడుగురు ఒకేసారి మాట్లాడితే అది గోల. ఇక్కడ ఏ ఒక్కరి మాటా మరొకరి మాటను మింగెయ్యదు. ఒక ఇంట్లో ఏడుగురి స్వార్థం ఏడు దారుల్లో లాగుతుంటే, ఆ లాగుళ్ళన్నీ కలిసి అంత అందంగా ఎలా ఉంటాయో, మోత్సార్ట్‌కు తప్ప ఎవరికి తెలుసు? తెర పడింది. కథ ముడి బిగిసిన చోట, సరిగ్గా అక్కడ, గంటన్నర విరామం.

ఆ గంటన్నరే గ్లైండ్‌బోర్న్ ప్రత్యేకత. జనం తోటలోకి వచ్చి పచ్చిక మీద దుప్పట్లు పరిచారు. మా పక్కన ఒక వృద్ధ దంపతులు మడత బల్ల వేసి, తెల్లగుడ్డ పరిచి, చిన్న గాజుగ్లాసులో గులాబీ పెట్టారు. ఆవిడ పులిహోర వాసన పట్టి, అదేమిటని అడిగారు. ఒక పలుచని ప్లేటులో పెట్టిచ్చాను. ఆవిడ వాళ్ళ స్ట్రాబెర్రీలు ఇచ్చారు. ఆయన మాత్రం తినడం మర్చిపోయి, కౌంటెస్ పాడిన మొదటి పాట గురించే మాట్లాడుతున్నారు. చుట్టూ విన్నాను, చాలామంది మాటలు కథ మీదే ఉన్నాయి. కౌంట్‌ను ఎలా పట్టిస్తారు, కెరుబీనో కిటికీలోంచి దూకినప్పుడు నవ్వు వచ్చిందా లేదా. పట్నంలో విరామమంటే కాఫీ కోసం క్యూ. ఇక్కడ విన్నది ఒంట్లోకి ఇంకడానికి వేళ ఇచ్చారు. కొండ మీద ఎండ పసుపురంగు నుంచి రాగిరంగుకు తిరిగింది. గొర్రెలు ఒక్కొక్కటే గోడ నీడలోకి చేరాయి.

ఇదంతా ఖరీదైన వ్యవహారమే. వేసవి ఉత్సవం ప్రభుత్వ సొమ్ముతో నడవదు. టికెట్లు, సభ్యులు, దాతల మీదే ఆధారం. మంచి సీటుకు వందల పౌండ్లు అవుతాయి. నిలబడి చూసే చోట్లు చవకే, చిన్న వయసువాళ్ళకు తగ్గింపు టికెట్లు ఉన్నాయి, సినిమా హాళ్ళలోనూ చూపిస్తారు. 1968 నుంచి ఒక బృందాన్ని ఊరూరా పంపి తక్కువ ధరకు ఒపెరా చూపించారు కూడా. 2022లో ఆర్ట్స్ కౌన్సిల్ ఇందుకిచ్చే ప్రభుత్వ గ్రాంటును సగానికి కోసేసరికి ఆ పర్యటనకు దెబ్బ తగిలింది, మరుసటి ఏడాది బృందం ఊళ్ళకు వెళ్ళలేదు. నాకు అది ఈ తోట గురించి తెలిసినవాటిల్లో అన్నిటికన్నా బాధ కలిగించిన సంగతి. పచ్చిక మీద గులాబీ పెట్టుకుని తినేవాళ్ళు ఎలాగూ వస్తారు. తమ ఊరి హాల్లో మొదటిసారి ఆ ఏడు గొంతులు వినాల్సిన పిల్లల పాలు పోయింది. మన దగ్గర సురభివాళ్ళు తరాల తరబడి సామాను మూటగట్టుకుని ఊళ్ళు తిరగకపోతే, నాటకమంటే ఏమిటో ఎంతమందికి తెలిసేది?

గంట కొట్టారు. దుప్పట్లు, బుట్టలు అక్కడే వదిలేసి లోపలికి వెళ్ళారు అందరూ. ఎవరూ దేన్నీ ముట్టుకోరట. మూడో అంకంలో కౌంటెస్ చెబుతుంటే సూసన్నా ఉత్తరం రాస్తుంది. యజమానురాలు ఒక వాక్యం పాడుతుంది, పనిమనిషి దాని చివర అందుకుని తిరిగి పాడుతూ రాస్తుంది. కొద్దిసేపటికి ఆ రెండు గొంతుల్లో ఏది ఎవరిదో చెప్పలేం. యజమానులు, పనివాళ్ళు అని అంతస్తులున్న ఇంట్లో రెండు గొంతులు అలా కలిసిపోవడం, ఈ ఒపెరా మొదటిసారి ఆడిన 1786లో వియన్నాలో, ఎంత సాహసమో. నాకు భామాకలాపం గుర్తొచ్చింది. సత్యభామ కూడా కృష్ణుడికి లేఖ రాసి చెలికత్తె మాధవి చేతికిస్తుంది. కానీ సత్యభామ లేఖలో విరహం ఉంది, రమ్మన్న వేడుకోలు ఉంది. కౌంటెస్ లేఖలో ఉన్నది వల. మడిచి, గుండుసూది గుచ్చి పంపిన ఆ కాగితాన్ని పట్టుకుని, సూసన్నాను కలవాలని కౌంట్ రాత్రి తోటలోకి వస్తాడు. సూసన్నా బట్టల్లో ఉన్న తన భార్యకే ప్రేమ కబుర్లు చెబుతాడు.

నాలుగో అంకమంతా తోటలోనే, చీకట్లో, చెట్ల కింద. నిజం తోటలో గంటన్నర కూర్చుని వచ్చినవాళ్ళకు రంగస్థలం మీది తోట కొత్తగా అనిపించదు. ఏ పొద వెనక ఎవరు దాక్కోవచ్చో తెలిసినట్టే ఉంటుంది. చివరికి ముసుగు తొలగుతుంది. కౌంట్ అందరి ఎదుటా మోకాళ్ళ మీద వంగి భార్యను క్షమించమంటాడు. అప్పటిదాకా ఉరుకులు పరుగులు పెట్టిన సంగీతం ఒక్కసారిగా నెమ్మదిస్తుంది. కౌంటెస్ క్షమిస్తుంది. కొద్ది క్షణాల పాటే. కాని ఆ కొద్ది క్షణాల్లో ఆవిడ పెద్దతనం ఎంతటిదో, అతనికి ఆ అర్హత ఉందో లేదో, రెండూ స్వరాల్లోనే ఉన్నాయి. నాకు కళ్ళు తడిశాయి.

లూయిస్ స్టేషన్‌కు వచ్చే బస్సులో మా కోడలు మాట్లాడకుండా కూర్చుంది. కొంతసేపయ్యాక, "ఆమె అంత తేలిగ్గా క్షమించకూడదు అత్తయ్యా. రేపు మళ్ళీ అదే చేస్తాడు," అంది.

"చేస్తాడమ్మా. ఆమెకూ తెలుసు," అన్నాను.

"తెలిసీ క్షమిస్తే దాన్ని ఏమంటారు?"

దానికి నా జవాబు ఒకటుంది. కౌంటెస్ క్షమించింది భర్తను కాదు, ఆ రాత్రి పెళ్ళాడిన సూసన్నా ముందు ఒక ఇంటిని కూలిపోకుండా నిలబెట్టింది అని. మా కోడలు ఒప్పుకోలేదు. మా ముందు సీట్లోని పెద్దాయన వెనక్కి తిరిగి, మీరు కౌంటెస్ గురించేనా మాట్లాడుకునేది, అని అడిగారు. అవునన్నాం. ఆయనా మా కోడలి పక్షమే తీసుకున్నారు.