మావయ్య బేసుకి కొత్త మౌత్‌పీస్

పెళ్లి ఊరేగింపులో వీడియో తీసేటప్పుడు మీ ఫోన్ ఎటు తిరుగుతుంది? ట్రంపెట్ వైపు, డ్రమ్స్ వైపు, లేదంటే డాన్స్ చేస్తున్న ఫ్రెండ్స్ వైపు. వెనక వరసలో ఏనుగు తొండంలాంటి పెద్ద ఇత్తడి వాయిద్యాన్ని ఎత్తుకుని "బూం బూం" అని ఊదే మనిషిని ఎవరూ తీయరు. ఆ వాయిద్యం ట్యూబా. మా మావయ్య వాళ్ల మేళంలో దాన్ని బేసు అంటారు. అది ఆగిందంటే మాత్రం పాట గాల్లో వేలాడుతుంది.

మావయ్య విశాఖ వన్‌టౌన్‌లో ఓ బ్యాండు మేళంలో ముప్పై ఏళ్లుగా బేసు ఊదుతున్నాడు. నేను మధురవాడలో కోడ్ రాస్తాను. మా ఇద్దరి పనులకీ ఎక్కడా పొంతన లేదు, మొన్న కార్తీక మాసం దాకా. అప్పుడే ఆయన పెదాల చుట్టూ ఎర్రగా పొక్కింది. చర్మం డాక్టరు చూసి, నోటికి తగిలే లోహం మార్చమన్నారు. మౌత్‌పీస్ తీసి చూస్తే వెండి పూత ఎప్పుడో పోయింది. కింద ఇత్తడి బయటపడి పచ్చగా చిలుం పట్టింది. కాడ చివర ఓ చీలిక, దాని మీద పాత టంకం. మళ్లీ పూత వేయిద్దామంటే, ఆ చీలిక చూసి పూతవాళ్లే వద్దన్నారు.

ముందున్నవి మాఘమాసం ముహూర్తాలు. మేళం ఓనరు అప్పటికే "పోనీ బేసు కీబోర్డులో పెట్టేద్దామా" అంటున్నాడు. మావయ్యకి యాభై ఎనిమిదేళ్లు. ఇంకో వాయిద్యం పట్టే వయసు కాదు.

"ఆన్‌లైన్‌లో కొట్టు అల్లుడూ, దొరకదేటి" అన్నాడు.

కొట్టాను. దొరికాయి, గుట్టలు గుట్టలుగా. కానీ వాటిలో మావయ్యది ఏది?

మౌత్‌పీస్ అంటే చూడ్డానికి చిన్న ఇత్తడి గరాటు. పెదాలు ఆనే అంచు, లోపల గిన్నె, గిన్నె అడుగున సన్నని గొంతు, వాయిద్యంలోకి దూరే కాడ. బెర్లిన్‌లో వీప్రెక్ట్, మోరిట్జ్ అనే ఇద్దరు 1835లో ట్యూబాకి పేటెంట్ తీసుకున్నారు. ఆ తర్వాత ఒక్కో దేశం ఒక్కో దారి పట్టింది. అమెరికా కాడ ఒక లావు, యూరప్ కాడ ఇంకాస్త లావు, పాత ఇంగ్లిష్ ట్యూబాలకేమో సన్నకాడ. మన పాత ఫోన్ చార్జర్ల గోలే అనుకోండి. ఇక్కడ ఇంకా టైప్-సీ రాలేదు. పైగా నంబర్లు తికమక. బ్యాక్ కంపెనీవి తీసుకుంటే నంబరు పెరిగేకొద్దీ గిన్నె చిన్నదవుతుంది! మేళాల వాయిద్యాలకి పేరుపడ్డ మీరట్ జాలీ కోఠీకి ఫోన్ చేసినా, ముందు మన సైజు మనకి తెలియాలి కదా.

నేవీ బ్యాండులో చేసి రిటైరైన ఒకాయన్ని మావయ్యే పట్టుకొచ్చాడు. నేవీ డే రోజున ఆర్కే బీచ్‌లో జనమంతా హెలికాప్టర్లని చూస్తుంటే, మావయ్య ఆ బ్యాండులో ట్యూబా ఎవరు ఊదుతున్నారో వెతుక్కునే రకం. ఆ పరిచయం అలాంటిదే. ఆయన పాత ముక్కని చేతిలో తిప్పి చూసి, "అందరూ గిన్నె చూసి కొంటారు బాబూ. నువ్వు ముందు కాడ కొలువు" అన్నారు.

బీటెక్ ఫస్టియర్ వర్క్‌షాప్ తర్వాత వెర్నియర్ కాలిపర్ పట్టుకోవడం అదే. కాడ కొస దగ్గర 12.7 మిల్లీమీటర్లు వచ్చింది. మార్కెట్లో ఎక్కువగా దొరికే అమెరికన్ సైజు 13.2 దాకా ఉంటుంది. తేడా అర మిల్లీమీటరేగా అనిపిస్తుంది. కానీ కాడ ఏటవాలుగా ఉంటుంది, ప్రతి 20 మిల్లీమీటర్లకి దాదాపు 1 మిల్లీమీటరు చొప్పున లావెక్కుతుంది. అంటే అర మిల్లీమీటరు లావైన కాడ పూర్తిగా దూరకుండా 10 మిల్లీమీటర్లు బయటే ఉండిపోతుంది.

శ్రుతి పోతుందేమోనని లెక్కేశాను. మావయ్యది ఈ-ఫ్లాట్ ట్యూబా, గొట్టం మొత్తం పొడవు సుమారు 4 మీటర్లు. అందులో ఒక సెంటీమీటరు పెరిగితే స్వరం తగ్గేది అరస్వరంలో ఇరవయ్యో వంతు కూడా కాదు. ట్యూనింగ్ స్లైడ్ కాస్త నొక్కితే సర్దుకుంటుంది. అసలు తంటా పట్టుతో. పైపైన కూర్చున్న మౌత్‌పీస్ నడుస్తుంటే ఊగుతుంది. కుర్చీలో కూర్చుని వాయించేవాళ్లకి ఫర్వాలేదేమో, గతుకుల రోడ్డు మీద జనరేటర్ బండి వెనక నడిచేవాడికి అది నేరుగా పళ్ల మీద దెబ్బ.

పాత గిన్నె వెడల్పు 31.3 వచ్చింది. దానికి దగ్గరగా ఉన్నది బ్యాక్ 24ఏడబ్ల్యూ. ఏ అంటే లోతు గిన్నె, డబ్ల్యూ అంటే వెడల్పాటి అంచు. పాలికార్బనేట్ ప్లాస్టిక్‌వీ ఉన్నాయి, చవక, ఎండకి కాలవు కూడా. విశాఖ ఎండలో అదేం చిన్న సుఖం కాదు. మావయ్య మాత్రం ఫోటో చూసి, "పిల్లల పీకలా ఉంది, ఒద్దు" అని కొట్టిపారేశాడు. ఎనిమిది వేలు పైచిలుకు పెట్టి వెండి పూతదే తెప్పించాం. అనుకున్నట్టే సెంటీమీటరు బయట నిలబడింది.

అప్పుడు గాజువాక ఆటోనగర్. ఉక్కు ఫ్యాక్టరీ, పోర్టు, లారీలు ఉన్న ఊళ్లో లేత్ షాపులకేం కొదవ? మూడో షాపులో ఓ పెద్దాయన ఒప్పుకున్నాడు. పాతది, కొత్తది పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశాడు. పాత అంచు మీద ఎడమవైపు కింద అరిగి చిన్న సొట్ట ఉంది. మావయ్య పన్ను ఒకటి కాస్త ముందుకి ఉంటుంది, ముప్పై ఏళ్లు అక్కడే ఒత్తిడి.

"ఈ సొట్ట కొత్తదాని మీద దించగలరా?" అని అడిగాను.

"లేతు గుండ్రంగా తప్ప ఇంకోలా కొయ్యదు బాబూ" అన్నాడు.

"దాన్ని నేను అరగదీసుకుంటాలే" అన్నాడు మావయ్య.

గిన్నె నలగకుండా రాగి రేకు చుట్టి చక్‌లో బిగించాడు. డయల్ గేజ్ పెట్టి, వంకర లేకుండా తిరుగుతోందో లేదో చూసుకున్నాడు. టూల్‌ని ఒకటిన్నర డిగ్రీకి కాస్త తక్కువ కోణంలో తిప్పి, వెంట్రుకవాసి చొప్పున కోశాడు. తీసింది చుట్టూ పావు మిల్లీమీటరే. వెండి పూత కాడ మీద పోయింది కానీ అది ఎటూ గొట్టంలో ఉండేదే, పెదవికి తగలదు. అక్కడే ట్యూబాలో పెట్టి తిప్పితే గట్టిగా కరుచుకుంది. మావయ్య షాపు బయట నిలబడి ఒక్క మంద్రస్వరం ఊదాడు. పక్క షాపులో వెల్డింగ్ ఆపి మరీ చూశారు.

అక్కడితో పనైపోయిందనుకున్నా. పెదవులకి ఇంకా కాలేదు. వెడల్పు అంచు వల్ల ఒత్తిడి నాలుగు పక్కలకీ పంచుకుని నొప్పి తగ్గింది, కింది స్వరాలు నిండుగా వస్తున్నాయి. కానీ కింది నుంచి పైకి చటుక్కున ఎగరాల్సిన చోట పెదవి జారడానికి చోటు లేదు. తీన్‌మార్ వేగంలో స్వరాలు మింగేస్తున్నాడు. రోజూ సాయంత్రం డాబా మీద అరగంట సాధన. పక్కింటివాళ్లు రెండ్రోజులు సణిగారు, మూడోరోజు పాటలు అడగడం మొదలెట్టారు. మూడు వారాలకి ఎగరడం కుదిరింది. పొక్కులూ మానాయి.

ఓనరు కీబోర్డు కూడా కొన్నాడు. ఇప్పుడు రిసెప్షన్‌కి అది, ఊరేగింపుకి మావయ్య. ఆ మేరకి రాబడి తగ్గింది, అదొక్కటే మాకు మింగుడుపడలేదు.

మొన్న మేళంలో యూఫోనియం ఊదేవాళ్లబ్బాయి మా ఇంటికొచ్చాడు. జేబులోంచి పూత పోయిన మౌత్‌పీస్ తీసి టేబుల్ మీద పెట్టి, "అన్నా, ఆ కొలిచేది ఉందా?" అన్నాడు. కాడ కొస దగ్గర మొదలుపెట్టాం.