కదిలించడమూ చికిత్సే

పక్షవాతంతో మంచానపడ్డ ఒక పెద్దాయనను దూరపు ఊరి నుంచి కారులో మా ఆసుపత్రికి తీసుకొచ్చారు. దారిలో మూత్రానికి ఇబ్బందని నీళ్లు తాగించలేదు, పక్కకు తిప్పలేదు. చేరేసరికి నాలుక పిడచకట్టుకుపోయింది, నడుం కింద చర్మం కమిలిపోయింది. మతిమరుపు ఉన్న ఇంకో పెద్దావిడ పల్లెలో ఇల్లంతా తడుముకుంటూ తిరిగేది. కొడుకు ఫ్లాటుకు వచ్చిన కొద్దిరోజులకే తిండి మానేసి రాత్రిళ్లు అరవసాగింది. “ఊళ్లో బాగానే ఉండేవారండీ, డాక్టరుగారూ” అంటూ కోడలు కళ్లొత్తుకుంది. పరీక్షల్లో కొత్త జబ్బేదీ కనబడలేదు.

ఇలాంటివాళ్లను చూస్తూ వచ్చాను కాబట్టే, జపాన్‌లోని ఫుకుషిమా అణుప్రమాదం గురించి చదివినప్పుడు నా మనసు అక్కడి బస్సుల దగ్గరే ఆగిపోయింది.

2011 మార్చి 11 నాటి భూకంపం, సునామీలతో ఫుకుషిమా దైచీ అణువిద్యుత్ కేంద్రం దెబ్బతింది. మర్నాడే ఆ కేంద్రం ఉన్న ఒకుమా పట్టణాన్ని ఖాళీ చేయమన్నారు. కేంద్రానికి ఐదు కిలోమీటర్లలోపే ఫుతాబా ఆసుపత్రి ఉంది. నడవగలిగినవాళ్లు ఆ రోజే వెళ్లిపోయారు. మంచానపడ్డవాళ్లు, అనుబంధ వృద్ధుల సంరక్షణ కేంద్రంలోనివాళ్లు మిగిలారు. 14న వాళ్లలో చాలామందిని బస్సుల్లో ఎక్కించి, రేడియేషన్ పరీక్ష కోసం ముందు ఉత్తరానికి, తర్వాత చుట్టూ తిప్పి దక్షిణాన ఇవాకిలోని ఒక హైస్కూలుకు చేర్చారు. 200 కిలోమీటర్ల పైచిలుకు దారి, పది గంటలు దాటిన ప్రయాణం. కొందరు బస్సులోనే కన్నుమూశారు. నెలాఖరుకు ఆ రెండుచోట్లవాళ్లు సుమారు 50 మంది పోయారు. వాళ్ల ప్రాణం తీసింది రేడియేషన్ కాదు. చలి, ఒంట్లో నీరు తగ్గిపోవడం, వైద్యం మధ్యలో తెగిపోవడం.

ఆ ప్రమాదం వల్ల రేడియేషన్‌తోనే వచ్చిందని చెప్పదగ్గ జబ్బు స్థానికుల్లో కనబడలేదని రేడియేషన్ ప్రభావాలను పరిశీలించే ఐక్యరాజ్యసమితి శాస్త్రీయ సంఘం 2021లో చెప్పింది. తరలింపు, శిబిరాల బతుకు వంటి కారణాలతో పోయారని ఫుకుషిమాలో అధికారికంగా గుర్తించినవాళ్లు మాత్రం 2,300 మందికి పైనే.

అలాగని జనాన్ని కదిలించకూడదని నేననను. ఎలా కదిలిస్తామన్న దానిపైనే ప్రాణం ఆధారపడి ఉంటుంది. ఫుకుషిమాలోనే మినామిసోమా నగరంలోని ఐదు వృద్ధాశ్రమాలను పరిశీలిస్తే, తరలింపు తర్వాత మరణాల రేటు 2.7 రెట్లయింది. కానీ అన్నిచోట్లా ఒకేలా లేదు. జాగ్రత్తగా అప్పగించి, తిండీ సేవా తెగకుండా చూసినచోట నష్టం తక్కువ. ఇతాతే గ్రామం మొత్తం ఖాళీ అయినా, అక్కడి వృద్ధాశ్రమాన్ని అనుమతితో నడిపించారు. సిబ్బంది రోజూ బయటినుంచి వచ్చి పనిచేశారు. లోపల రేడియేషన్ మోతాదునూ, ప్రయాణంలోని ముప్పునూ పక్కపక్కన పెట్టి తూచిన నిర్ణయమది. వైద్యంలో మేం రోజూ చేయాల్సిన పని కూడా ఇదే.

తుపానైనా, అణుప్రమాదమైనా, మంచానపడ్డ ప్రతి మనిషి విషయంలో కొన్ని ప్రశ్నలకు ముందే జవాబు రాసిపెట్టుకోవాలి. వెంట ఎవరు వెళ్తారు? దారిలో నీళ్లు ఎవరు తాగిస్తారు, ఎవరు పక్కకు తిప్పుతారు? మందుల చీటీ ఎవరి చేతిలో ఉంటుంది? అవతల ఏ ఆసుపత్రి మంచం సిద్ధంగా ఉంచుతుంది? బస్సు వచ్చాక వీటిని వెతుక్కుంటే అప్పటికే ఆలస్యమైనట్టు.