పాలో డ్యూరో లోయలో మూడు రాత్రులు

అమెరికా అనగానే మనకి న్యూయార్కు మేడలూ, నయాగరా జలపాతమూ గుర్తొస్తాయి. టెక్సాస్ రాష్ట్రంలో అమరిల్లో అనే ఊరి దగ్గర పాలో డ్యూరో అనే ఎర్ర లోయ ఉంది. గ్రాండ్ కాన్యన్ తర్వాత ఆ దేశంలో అంత పెద్ద లోయ ఇదేనంటారు. పొడవు సుమారు 120 మైళ్ళు, లోతు చాలాచోట్ల 800 అడుగులు. మన గండికోట దగ్గర పెన్న చెక్కినట్టే ఇక్కడ రెడ్ రివర్ పాయ ఒకటి రాళ్ళను కోసుకుంటూ పోయింది. ఎర్రమట్టి గోడల్లో తెల్లటి జిప్సం చారలు, అచ్చం ముగ్గుపిండితో గీసినట్టు.

2023 జూన్‌లో డల్లాస్‌లోని మా మరిది వాళ్ళింటికి వెళ్ళాను. మావారికి సెలవు దొరక్క నేనూ అత్తయ్యే వెళ్ళాం. మరిది కొత్తగా కొన్న క్యాంపర్ ట్రైలర్‌లో బయల్దేరాం. ట్రైలర్ అంటే కారు వెనక తగిలించుకుని లాక్కెళ్ళే బుల్లి ఇల్లన్నమాట. 16 అడుగుల పొడవులో రెండు పడకలు, గ్యాసు పొయ్యి, సింకు, చిన్న ఫ్రిజ్, స్నానాల గది కూడా! చూడ్డానికి పెళ్ళికూతురులా ఉంది. కానీ 360 మైళ్ళు వెళ్ళి తలుపు తీసేసరికి సొరుగు ఊడి నా కందిపొడి డబ్బా నేల మీద దొర్లుతోంది. చూస్తే చెక్కని మేకులతో కాదు, కాగితాలకి కొట్టే పిన్నుల్లాంటి వాటితో బిగించారు. ఇలాంటి బళ్ళు ఎక్కువగా ఇండియానా రాష్ట్రంలో ఎల్‌ఖార్ట్ చుట్టుపక్కల తయారవుతాయిట. మా దాన్ని ఎవరో హడావిడిగా పూర్తిచేసినట్టుంది.

సొరుగు సంగతి సరే, అసలు భయం ఏ.సి.తో మొదలైంది. బయట వాళ్ళ లెక్కలో 100 డిగ్రీలు, మన లెక్కలో 38. లోయ అడుగున ఎండ ఇంకా మండిపోతుంది. అత్తయ్యకి 74 ఏళ్ళు, బి.పి. ఉంది. ఏ.సి. గంటసేపు తిరిగినా లోపల చల్లబడలేదు సరికదా, వచ్చే గాలి కూడా సన్నగిల్లింది. పక్క మీద నీటి చుక్కలు! అత్తయ్య మొహం ఎర్రబడి "తల తిరుగుతోందే అమ్మాయ్" అనగానే నా గుండె జారిపోయింది. వెంటనే ఆవిణ్ణి కారులో కూర్చోబెట్టి, కారు ఏ.సి. వేసి, తడి తువ్వాలు మెడకి చుట్టి, ఉప్పూ పంచదార కలిపిన నీళ్ళు కొద్దికొద్దిగా తాగించింది మా తోడికోడలు. అరగంటకి ఆవిడ తేరుకున్నారు. ట్రైలర్ అమ్మినవాళ్ళకి మరిది ఫోన్ చేస్తే, మూడు వారాల తర్వాత తీసుకురమ్మన్నారు!

పక్క స్థలంలో అరవై దాటిన ఒక అమెరికన్ ఆవిడ పనిముట్ల సంచితో వచ్చింది. ఆవిడ చేసినదంతా మన వంటింటి లెక్కలాగే ఉంది. ముందు మీటరు పెట్టి వోల్టేజి చూసింది. అక్కడ 120 వోల్టులు రావాలి, 105 కంటే తగ్గితే కంప్రెసర్ పాడవుతుందిట. కరెంటు బాగానే ఉంది. తర్వాత తీగ ప్లగ్గు లాగేసి (ఇది మాత్రం మర్చిపోకూడదు సుమా), లోపలి మూత విప్పింది. జల్లెడ నిండా రంపపు పొట్టు! ఫ్యాక్టరీలో ఊడ్వకుండానే మూత బిగించేశారు. గాలి ఆడక లోపలి చల్లటి గొట్టాల మీద ఐసు గడ్డకట్టింది. పైగా చల్లగాలి బయటికొచ్చే దారికీ, గది గాలి తిరిగి వెళ్ళే దారికీ మధ్య అడ్డుగోడలో టేపు ఊడి సందుంది. చల్లగాలి గదిలోకి రాకుండా మళ్ళీ లోపలికే పోతోంది. జల్లెడ కడిగి, సందుకి అల్యూమినియం టేపు అంటించి, మళ్ళీ కరెంటు పెట్టి ఫ్యాన్ ఒక్కటే గంట తిప్పమంది. ఐసు కరిగింది. కప్పు కింద నాలుగు బోల్టులు వదులుగా ఉంటే, మధ్యలో రబ్బరు సగం మందానికి నొక్కుకునేలా ఎదురెదురుగా కొద్దికొద్దిగా తిప్పింది. చుక్కలు ఆగాయి. లోపలి కెపాసిటర్ జోలికి మాత్రం వెళ్ళొద్దంది, స్విచ్చి ఆపినా షాకు కొట్టగలదట.

చివర్లో వంట థర్మామీటరు పెట్టి చూపించింది. లోపలికి వెళ్ళే గాలికీ వచ్చే గాలికీ సుమారు 20 ఫారన్‌హీట్ డిగ్రీల తేడా ఉంటే ఏ.సి. బాగున్నట్టే, అంతకంటే ఎక్కువ ఆశించకూడదుట. మాది 13,500 బి.టి.యు., అంటే మన లెక్కలో టన్ను కంటే కాస్త ఎక్కువ. అయినా పల్చటి గోడల ఇల్లు కదా! అందుకే కప్పు మీది కిటికీకి లోపల్నుంచి దిండు కుక్కాం, ఎండవైపు తెర దించాం, అన్నం బయటే వండాం. ఆ స్థలంలో ఇచ్చేది 30 ఆంపులే కాబట్టి ఏ.సి.తో పాటు కెటిల్, మైక్రోవేవ్ కలిపి వేస్తే కరెంటు పోతుంది.

ఆ రాత్రి అత్తయ్య దుప్పటి కప్పుకుని పడుకున్నారు. మర్నాడు తెల్లవారుజామునే నేనూ తోడికోడలూ లైట్‌హౌస్ అనే రాతి స్తంభం దాకా నడిచాం. రానూపోనూ ఆరు మైళ్ళు, దారిలో నీళ్ళు దొరకవు, తలకి మూడు లీటర్లు మోసుకెళ్ళాం. ఎండెక్కేలోగా తిరిగొచ్చేసరికి అత్తయ్య చెట్టు నీడన కూర్చుని పులిహోర కలుపుతున్నారు, పక్కింటావిడకి ఒక పళ్ళెం పంపించడానికి.

డల్లాస్ చేరాక అమ్మినవాళ్ళు వారంటీ కింద సొరుగులు మళ్ళీ బిగించారు. ఇప్పుడు మరిది ఆ సొరుగులో నా పొడుల డబ్బాల పక్కనే టేపు చుట్ట, స్క్రూడ్రైవరు, వోల్టు మీటరు పెట్టుకుని తిరుగుతున్నాడు.