పన్నెండు మైకులు... ఒకే తాళం!

మీకు నచ్చిన పాట వినబడగానే పాడిందెవరు, రాసిందెవరు, స్టెప్పులు కట్టిందెవరు అన్నీ ఠకఠకా చెప్పేస్తారు. మరి ఆ పాటలో వయొలిన్ వాయించినాయనా, తబలా వాయించినాయనా ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారో లేదో ఎప్పుడైనా ఆలోచించారా? ఈ రోజుల్లో చాలా పాటల్లో చూసుకోరు! తబలా సోమవారం, వయొలిన్ గురువారం, గాయని ఆ పై వారం ఇంకో ఊళ్ళో. కంప్యూటరులో మాత్రం అందరూ కలిసే ఉంటారు.

దీనికి కారణం అహంకారమో, కాల్షీట్ల గొడవో అనుకునేరు. చాలా చోట్ల కారణం చాలా చిన్నది. స్టూడియోలో మైకు గుచ్చడానికి రెండే బొక్కలుండడం! ఆ సంగతి నాకు హైదరాబాదులో, కృష్ణానగర్ దగ్గర ఓ చిన్న స్టూడియోలో రెండు రోజులు కూర్చున్నాక బోధపడింది. బి.కాం. చదివి సినిమా వార్తలు రాసుకుంటున్న నాకు వైర్లతో ఏం పని అంటారా? ఆ స్టూడియో ఇంజినీరు నా స్నేహితుడు. వాయిదాల మీద ఓ కొత్త పెట్టె కొన్నాడు. “రేపు ఎనిమిది మందిని కలిపి వాయిస్తున్నాం గురూ, ఇవాళే వచ్చి చూడు” అన్నాడు. వెళ్ళాను.

ఒక్క ట్రాకు రోజులు

పాత మద్రాసు రికార్డింగుల్లో అంతా కలిపి ఒకే ట్రాకు. గాయకులూ, ఆర్కెస్ట్రా అంతా ఒకే వేళకు ఒకే చోట చేరాల్సిందే. చివరి చరణంలో ఘటం వాయించేవాడి చెయ్యి తడబడితే మళ్ళీ పల్లవి నుంచీ అందరూ ఎత్తుకోవలసిందే. అందుకే ముందు రిహార్సల్సు, ఆ తరువాతే టేకులు. తరువాత ట్రాకులు పెరిగాయి. రెండంగుళాల వెడల్పు టేపు మీద 24 ట్రాకులు పట్టేవి. సినిమా హాల్లోనూ ధ్వని విస్తరించింది. నేను పుట్టకముందు, 1986లో, కృష్ణగారి ‘సింహాసనం’ 70 ఎం.ఎం.లో, ఆరు ట్రాకుల స్టీరియోఫోనిక్ సౌండుతో వచ్చింది. ఆ హాల్లో కూర్చుని చుట్టూ వెదుక్కున్నానని మా నాన్న ఇప్పటికీ చెబుతాడు.

ఆ పైన కంప్యూటర్లు వచ్చాయి. ఇంట్లో గదే స్టూడియో అయింది. మంచిదే! కానీ చవకలో దొరికే పెట్టెలకు రెండు మైకులకే చోటు. ఇక చేసేదేముంది? ఒక్కొక్కరినే పిలవడం, లేదా పిలవడమే మానేసి కీబోర్డులో ఉన్న వయొలిన్‌తో సరిపెట్టడం. ఎక్కువగా రెండోదే జరిగింది.

పెట్టె చేసే పని

మా వాడు కొన్నది ఎనిమిది చానళ్ళ కన్వర్టరు. కంప్యూటరు పక్కన ముందే ఉన్న పెట్టెకు మరో ఎనిమిది. మొత్తం 16. మైకు నుంచి వచ్చేది ఎగిసిపడే కరెంటు అల. కంప్యూటరుకు అల అర్థం కాదు, అంకెలే అర్థమవుతాయి. కనుక ఈ కన్వర్టరు ఆ అలను సెకనుకు 48,000 సార్లు కొలిచి అంకెలుగా రాస్తుంది. మన చెవికి 20,000 హెర్ట్జ్ దాకానే వినబడుతుంది. అందుకు రెట్టింపుకన్నా ఎక్కువసార్లు కొలిస్తే చాలునని శాస్త్రం. కొలిచే ప్రతిసారీ 24 బిట్ల లెక్క, అంటే కోటీ 67 లక్షల పైచిలుకు మెట్లలో ఏ మెట్టు మీద ఉందో చెబుతుంది!

సి.డి.లకు 44,100 అనే వింత అంకె ఎందుకొచ్చిందో తెలుసా? తొలిరోజుల్లో డిజిటల్ ధ్వనిని వీడియో టేపుల మీద దాచేవాళ్ళు. వీడియో గీతల లెక్కకు ఆ అంకె కుదిరింది. సినిమా వాళ్ళది 48,000. ఈ రెండూ తారుమారైతే తమాషా చూడాలి. 48,000తో పట్టిన నాలుగు నిమిషాల పాటను 44,100 అనుకుని వాయిస్తే, పాట 21 సెకన్లు సాగి, శ్రుతి హార్మోనియం మీద ఒకటిన్నర మెట్టు దిగిపోతుంది. కోయిల లాంటి గాయని గొంతుకు జలుబు చేసినట్టుంటుంది!

రెండు పెట్టెలనూ కలిపింది సన్నటి తీగ. అందులో నడిచేది వైర్లోలా కరెంటు కాదు, వెలుతురు. ఒక్క తీగలో ఎనిమిది చానళ్ళు. దీని పేరు ‘అడాట్’. 1990ల మొదట్లో వచ్చిన ఓ రికార్డరు పేరది. వీడియో క్యాసెట్టు మీద ఎనిమిది ట్రాకులు పట్టేది. ఆ యంత్రం మూలన పడినా దాని తీగ మాత్రం స్టూడియోల్లో బతికే ఉంది.

ఎవరి తాళం వాళ్ళదైతే...?

అన్నీ తగిలించి, మావాడు మైకు ముందు తంబురా పెట్టాడు. వినబడింది. హాయిగానే ఉంది. అయిదారు సెకన్లకోసారి మాత్రం ‘టిక్’. తీగ మార్చాడు. టిక్. మైకు మార్చాడు. టిక్! రాత్రి పదకొండయింది. తెల్లారితే వాద్యకారులు వచ్చేస్తారు.

చివరికి దొరికింది. రెండు పెట్టెల్లోనూ చెరో గడియారం. రెండూ సెకనుకు 48,000 అనే లెక్కపెడుతున్నాయి. కానీ ఒకటి వెంట్రుకవాసి ముందు, ఇంకోటి వెంట్రుకవాసి వెనక. తేడా పేరుకుని ఓ అంకె జారిపోయినప్పుడల్లా ‘టిక్’. ఇద్దరు మృదంగ విద్వాంసులు ఎవరి తాళం వాళ్ళు వేసుకుంటే కచేరీ ఏమవుతుంది? ఇదీ అంతే! మావాడు ఒక పెట్టెను పెద్దగా నిలబెట్టి, రెండోదాన్ని దాని తాళానికే నడవమన్నాడు. టిక్ మాయమైంది. ఎక్కడైనా తాళం వేసేవాడు ఒక్కడే ఉండాలన్నమాట.

ఎరుపు దాటితే అంతే సంగతులు

తరువాత మట్టాలు. టేపు రోజుల్లో ముల్లు కాస్త ఎరుపులోకి వెళ్ళినా టేపు సర్దుకుపోయేది. పైగా ధ్వనికి ఓ వెచ్చదనం వచ్చేది. డిజిటల్‌లో సున్నా అంటే ఇంటికప్పు. తల తగిలితే అల కొస తెగిపోవడమే. అందుకే 1000 హెర్ట్జ్ ‘కూ’ శబ్దం పంపి, మామూలు మట్టం ఆ కప్పుకు 18 డెసిబెల్స్ కిందుండేలా ఒక్కో చానలూ సరిచూశాడు. డప్పు మీద తొలి దెబ్బ ఎంత ఎగురుతుందో ముందు ఎవరికి తెలుసు?

గదిలో పెట్టిన రెండు మైకులూ కలిపి వింటే చప్పట్లు బోలుగా, నీళ్ళు కలిపిన మజ్జిగలా ఉన్నాయి. ఓ కేబులులో రెండో పిన్నూ, మూడో పిన్నూ తారుమారు చేసి అతికారు. ఒక అల లేస్తుంటే ఇంకోటి పడుతోంది. రెండూ ఒకదాన్నొకటి మింగేస్తున్నాయి. రాత్రి ఒంటిగంటకు సోల్డరింగు. ఆ పైన 50 హెర్ట్జ్ ‘గుయ్’ రొద. గోడకు ఆ మూలొకటి, ఈ మూలొకటి ప్లగ్గులు పెట్టడంతో ఎర్తు చుట్టూ తిరుగుతోంది. అన్నీ ఒకే ప్లగ్గు పాయింటుకు తెస్తే తగ్గింది. రెండింటికి టీ తాగాం.

మాస్టారు వచ్చారు

పొద్దున్న తొమ్మిదికి వాద్యకారులు వచ్చారు. వేణువు, రెండు వయొలిన్లు, వీణ, తబలా, మృదంగం, డప్పు, గాజు అద్దం వెనక గాయని. తబలాకూ మృదంగానికీ రెండేసి మైకులు, గదికి రెండు, మిగతా వాళ్ళకు తలా ఒకటి. మొత్తం పన్నెండు. వయొలిన్ మాస్టారికి డెబ్భై దాటాయి. కుర్రతనంలో మద్రాసులో పెద్ద ఆర్కెస్ట్రాలో వెనక వరసలో కూర్చున్న మనిషి. ఈ ఏడాదిలో ఇది మూడో పిలుపని తానే చెప్పారు. ఆ మాట నవ్వుతూనే చెప్పారు గానీ, నేను నవ్వలేకపోయాను.

హెడ్‌ఫోన్లు పెట్టుకుని నాలుగు బార్లు వాయించి ఆగిపోయారు.

“బాబూ, నా వయొలిన్ నా వెనకాల నడుచుకుంటూ వస్తోంది!”

“ఒక్క నిమిషం మాస్టారూ” అన్నాడు మావాడు.

కంప్యూటరు ధ్వనిని పిడికిళ్ళ కొద్దీ పోగేసి పంపుతుంది. పిడికిలికి 1024 అంకెలైతే పోయి రావడానికి 40 మిల్లీసెకన్లు దాటుతుంది. మావాడు దాన్ని 128కి తగ్గించాడు. ఆరేడు మిల్లీసెకన్లయింది. రెండు మీటర్ల దూరంలో కూర్చున్నవాడి వాద్యం మన చెవిన పడడానికి పట్టేదీ ఇంచుమించు అంతే. మాస్టారు మళ్ళీ వాయించి తలూపారు. మిల్లీసెకన్లను చెవితో కొలిచే మనిషి ముందు ఇంక మీటరెందుకు?

కుర్ర సంగీత దర్శకుడు క్లిక్ ట్రాకు వేయబోయాడు. అదే, లయ తప్పకుండా చెవిలో కొట్టే ‘టక్కు టక్కు’. “అది వద్దు నాయనా, తబలా అబ్బాయి ముఖం నాకు కనబడుతోందిగా” అన్నారు మాస్టారు. మొదటి టేకు పోయింది. రెండోది వీణ దగ్గర తెగింది. ఒకరు తప్పితే దిద్దుకునే వీల్లేదు. తబలా శబ్దం వయొలిన్ మైకులోనూ పడుతుంది, డప్పు అందరి మైకుల్లోనూ పడుతుంది. పన్నెండు ట్రాకులున్నా తప్పు మాత్రం అందరిదీ! నిర్మాత గడియారం చూసుకున్నాడు. అతను అద్దె కట్టింది ఆ ఒక్క రోజుకే.

మూడో టేకు. రెండో చరణం చివర గాయని కాస్త నిలబెట్టింది. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. తబలా ఆగింది, వీణ ఆగింది, మాస్టారి విల్లు గాల్లో ఆగింది. అందరూ కలిసి ఊపిరి తీసుకుని పల్లవిలోకి దిగారు. విడివిడిగా నాలుగు రోజులు వాయించినా ఆ ఊపిరి రాదు. ఒక్కరే వాయిస్తే ఎవరి కోసం ఆగాలి? దాన్ని కన్వర్టరు పుట్టించలేదు. వాళ్ళందరికీ ఒకేసారి చోటిచ్చింది, అంతే. ఆ టేకు కంప్యూటరులో దాదాపు 415 మెగాబైట్లు.

ఇంతా చేసి అంతా శుభమేనని చెప్పను. ఎనిమిది మందికి ఇచ్చే డబ్బుకన్నా కీబోర్డు చవక అని నిర్మాత అప్పటికే అన్నాడు. తరువాతి పాటకు ఈ బృందాన్ని పిలుస్తాడో లేదో తెలీదు. మావాడికి ఇంకా వాయిదాలున్నాయి. మాస్టారు వయొలిన్ పెట్టెలో పెట్టుకుని, “ఇలాంటివి ఉంటే చెప్పు బాబూ, రాత్రయినా వస్తాను” అని వెళ్ళారు. నిర్మాత లెక్క మార్చగలిగింది మీరే. పాట మీకు నచ్చి, ఎందుకు నచ్చిందో పదిమందికి చెబితే ఇలాంటి పిలుపులు పెరుగుతాయి.

ఏ సినిమా అంటారా? చెప్పొద్దని నిర్మాత ఒట్టు పెట్టించుకున్నాడు. గుర్తు మాత్రం చెబుతాను. రెండో చరణం అయి పల్లవి ఎత్తుకునేచోట ఎవరో సన్నగా “ఆహా” అంటారు. అది మాస్టారి గొంతే. తీసేద్దామని మావాడు చూశాడు గానీ కుదరలేదు. పన్నెండు మైకుల్లోనూ పడింది మరి!